రెండు నిమ్మకాయలు

“నడుస్తా నడుస్తా మధ్యలో ఊడిపోతే ఏం చేస్తావే?”

నా గురించి ఈ లోకంలో ఎవరైనా అన్న మొదటి మాట ఇదే. అప్పటికి నేనింకా పుట్టలేదు. మూడు చెక్కపెట్టెల్లో గొట్టాలుగా, రేకులుగా పడి ఉన్నాను.

నేను ఒక కారును. షోరూములో పూలదండ వేయించుకున్న కారును కాను. విజయవాడ పటమటలో ఒక ఇంటి పక్క రేకుల షెడ్డులో, బోల్టు బోల్టుగా పుట్టినదాన్ని. పెట్టెల్లో వచ్చినవి నా ఎముకలు మాత్రమే. గుండె, ఆటోనగర్‌లో తుక్కుకు పోయిన ఒక పాత కారుది. సీటు ఇంకెవరిదో. నన్ను బిగించిన పిల్ల కుముద, పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ మొదటి మాట అన్నావిడ వాళ్లమ్మ సామ్రాజ్యం. ఆ ప్రశ్న వింటూనే కుముద స్పానరు చేతిలోకి తీసుకుంది.

నన్ను నిలబెట్టడానికి పదకొండు నెలలు పట్టింది. సెలవు రోజుల్లో ఆటోనగర్ నుంచి మస్తాన్ అనే మెకానిక్ వచ్చేవాడు. బిగించిన ప్రతి బోల్టు మీదా అతను తెల్లరంగుతో సన్నటి గీత గీసేవాడు. గీత ఉంటే బిగించినట్టు, లేకపోతే లేనట్టు. సామ్రాజ్యం ఆ సంగతి ఒక్కసారి విన్నది, అంతే. మర్నాటి నుంచి కూతురు కాలేజీకి వెళ్లగానే కళ్లజోడు పెట్టుకుని నా పక్కన పీట వేసుకునేది. ఒక్కొక్క గీతనీ వేలితో తడిమేది. చదివింది ఐదో తరగతే అయినా నా ఒళ్లంతా చదివేసింది. ఎండ బాగుందని నా ముందు మూత మీద వడియాలు పెట్టిందీ ఆవిడే. అది వేరే సంగతి.

ఒక ఆదివారం స్టీరింగు కింద ఆవిడ వేలు ఆగింది.

“మస్తానూ, దీనికి గీత లేదయ్యా.”

“గీత మర్చిపోయుంటాలే అక్కా. బిగించిందే అది.”

“బిగిస్తే గీత ఏదీ?”

ఆవిడ మాట తీసెయ్యలేక మస్తాన్ స్పానరు వేశాడు. బోల్టు రెండు చుట్లు తిరిగింది. వదులుగానే ఉందది. గట్టిగా బిగించి, గీత గీసి, “అయితే ఇకనుంచి మీరే మా ఇనస్పెక్టరు గారు” అన్నాడు. నా చక్రాలు కదలకముందే ఆవిడ భయం నన్ను ఒకసారి కాపాడింది. తర్వాత జరిగినదానికి ఆవిడను నేను తిట్టుకోలేకపోవడానికి కారణం అదే.

రోడ్డెక్కే అనుమతి నాకు లేదు. పరుగెత్తితే రేసు ట్రాక్ మీదే పరుగెత్తాలి. లారీ ఎక్కించి చెన్నై అవతలికి తీసుకెళ్లారు. దారిలో సామ్రాజ్యం తేల్చి చెప్పింది. “ఏ కాస్త తేడా జరిగినా ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇంటికెళ్లగానే తుక్కోడికి ఇచ్చేస్తా.”

కుముద తల ఊపింది. ఆ ఊపులో నా ప్రాణం కూడా ఉంది.

ట్రాక్ దగ్గర సామ్రాజ్యం సంచిలోంచి రెండు నిమ్మకాయలు తీసింది. దుర్గమ్మ పాదాల దగ్గర పెట్టించి తెచ్చినవి. కొత్త బండి కదిలేముందు చక్రాల కింద నలగాలి కదా.

“ఇక్కడ అట్టాంటివి వెయ్యనివ్వరమ్మా. ఆ తొక్క మీద ఇంకొకళ్ల బండి జారుద్ది.”

“ఎవరూ చూడకుండా వేస్తానే.”

“వద్దన్నానా?”

తనిఖీ చేసేవాళ్లు వచ్చారు. లోపల వదులుగా ఏ వస్తువూ ఉండకూడదన్నారు. నా సీట్లో మస్తాన్ మరిచిపోయిన గుడ్డపేలిక కూడా తీయించి, చీటీ అంటించి వెళ్లిపోయారు. కుముద హెల్మెట్ కోసం అటు వెళ్లింది. మస్తాన్ టైర్లలో గాలి చూస్తున్నాడు. అప్పుడు సామ్రాజ్యం, సీటు తుడుస్తున్నట్టు కొంగు చాటు చేసి నా మీదికి వంగింది. ఒక కాయ సీటు కిందికి తోసింది. ఇంకొకటి ముందు మూలకి, పెడళ్ల పక్కకి దొర్లించింది.

“చక్రాల కింద వద్దంటే కాళ్ల దగ్గరన్నా ఉండు తల్లీ.”

అరిచి చెప్పడానికి నాకు హారన్ కూడా పెట్టలేదు.

మొదటి చుట్టు నెమ్మదిగా తిరిగాం. కాయ మూలలోనే ఉంది. రెండో చుట్టులో కుడి మలుపుకి బయటికి వచ్చింది, ఎడమ మలుపుకి మళ్లీ వెనక్కి పోయింది. కుముదకు తెలియదు. నవ్వుతోంది. తిన్నని దారి రాగానే నన్ను గట్టిగా తొక్కింది. దారి చివర మలుపు, దాని వెనక టైర్ల గోడ. బ్రేకు కోసం ఆమె కాలు ఎత్తింది. ఆ క్షణంలో కాయ ముందుకి దొర్లి పెడలు కిందికి చేరింది.

పెడలు సగం దిగి ఆగిపోయింది.

మళ్లీ తొక్కింది. దిగలేదు. గోడ పెద్దదవుతోంది. మూడోసారి ఒంట్లోని బరువంతా ఆ కాలి మీద వేసింది. కాయ పగిలింది. నా చక్రాలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. ఉన్నచోటే గిర్రున రెండుసార్లు తిరిగి, కంకరలో దిగబడి, గోడకు బారెడు దూరంలో ఆగాను. ఇంజను ఆగిపోయింది.

కంచె అవతల సామ్రాజ్యం మస్తాన్ చెయ్యి పట్టుకుంది. “కదల్తందా? నాకు కళ్లు కనపడట్లేదయ్యా.”

“చెయ్యి ఊపుతుంది అక్కా. అదిగో.”

తాడు కట్టి నన్ను వెనక్కి లాక్కొచ్చారు. ఎవరికీ గీటు కూడా పడలేదు. మస్తాన్ మోకాళ్ల మీద కూర్చుని బ్రేకు వెతికాడు. “గీతలన్నీ ఉన్నాయే” అని గొణుక్కుంటూ పెడలు కిందికి చెయ్యి పెట్టాడు. చెయ్యి తడిగా, పుల్లటి వాసనతో బయటికి వచ్చింది. చేతిలో కుంకుమ అంటిన తొక్క.

కుముద దాన్ని చూసింది. తర్వాత వాళ్లమ్మను చూసింది.

“ఇదెవరు పెట్టారమ్మా?”

ప్రశ్న మీద ప్రశ్న వేసే సామ్రాజ్యం, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ‘నాకేం తెలుసు, చెప్పానా ఇది మంచి బండి కాదని’ అంటే చాలు. నేను తుక్కులోకి, ఆవిడ ఏ నిందా లేకుండా ఇంటికి. కుముద హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని నా చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. ట్రాక్ మీద వేరే బండ్లు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతున్నాయి. నా ఇంజను పూర్తిగా చల్లారింది.

సామ్రాజ్యం మెల్లిగా కూతురి పక్కన కూర్చుంది. హెల్మెట్ అందుకుని దాని మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

“నేనేనే,” అంది చివరికి. “రెండోది సీటు కింద ఉంది. అది కూడా తీసి, అప్పుడెళ్లు.”