ఫోటోకి ఇచ్చిన డ్రెస్సు

“డ్రెస్సు నీ చేతికెలా వచ్చిందో చెప్తావా, మీ నాన్నకి ఫోన్ చెయ్యమంటావా?”

లేడీస్ హాస్టల్ మెట్ల కింద వార్డెన్ గొంతు ఖంగుమంది. బల్ల వెనక ఇస్త్రీ పిన్ని చేయి ఆగలేదు. ఆగితే అనుమానం వస్తుంది. మోచేత్తో చెమట తుడుచుకుని, కుర్తా మెడ మీద పెట్టె నొక్కింది. పొద్దుటి నుంచి నిలబడే ఉంది. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి.

గోడకి అతుక్కుపోయి నిలబడింది ఫస్టియర్ పిల్ల. బక్కగా ఉంటుందని అందరూ పిచ్చుక అంటారు. ఎదురుగా నీలం డ్రెస్సు సొంతదారు, ఫైనలియర్ అమ్మాయి, ఫోన్ ఊపుతోంది.

“పిన్ని చూడనప్పుడు తీగ మీంచి లాగేసింది మేడమ్! ఫోటో పెడితే లైకులన్నీ నా ఫ్రెండ్సువే. ‘నీకంటే దానికే బాగుంది’ అని నాకే మెసేజ్‌లు! ఇదిగో, చేతి గుండీకి తెల్లదారం. ఇలాంటిది ఇంకోటుంటుందా?”

పిన్ని ఆ ఫోన్ వైపు ఓరగా చూసింది. ఊడిపోతున్న ఆ గుండీని జాలిపడి కుట్టింది తనే. నీలం దారం దొరక్క తెల్లది వాడింది.

ఇస్త్రీ అయిన బట్టలు సాయంత్రందాకా తీగ మీదే ఉంటాయి. ఆ సందులోనే “పిన్నీ, ఒక్క ఫోటోకే” అంటూ పిచ్చుక బతిమాలేది. పక్కన తెల్లగోడ ముందు నిలబడి తీసుకుని విప్పి ఇచ్చేసేది. పిన్ని మళ్లీ పెట్టె తిప్పేది. పైసా పుచ్చుకునేది కాదు, ఫోటో చూపిస్తే చాలు. పిన్నికున్నది గుర్తింపు కార్డు ఫోటో ఒక్కటే. అందులోనూ కళ్లు మూసుకుపోయాయి.

“ఈ ఫోటో పెట్టాక బోలెడుమంది ఫ్రెండ్సయ్యారు పిన్నీ!” అని మొన్ననే మురిసిపోయింది.

“మరి అన్నం దగ్గర ఒంటరిగా కూర్చుంటావేమే?”

“ఇంకా ఎదురుగా మాట్లాడలేదు కదా!”

ఈ మెట్ల కింద చోటు పోతే పిన్ని ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఇప్పుడు నోరు విప్పలేదు. పిచ్చుకా విప్పలేదు. ఒక్కసారి ఇటు చూసి తల దించుకుంది.

“చెప్పవు కదా? అయితే సామాను సర్దుకో.”

మధ్యాహ్నం వాళ్ల నాన్న వచ్చాడు. ఎవరినీ ఏమీ అడక్కుండా సూట్‌కేసు ఎత్తుకుని ముందు నడిచాడు. మెట్ల మీది అమ్మాయిలు ఫోన్లలోంచి తలెత్తలేదు. అంతమంది స్నేహితుల్లో ఒక్కరూ గేటుదాకా రాలేదు.

“పీడ వదిలింది. దొంగ పోయింది,” అంది వార్డెన్.

గండం గడిచింది. ఇక ఎవరూ ఏమీ అడగరు. పిన్ని పెట్టె స్విచ్ ఆపింది.

“దొంగ పోలేదు మేడమ్.”

“ఏంటీ?”

“నా పొట్ట కొట్టలేక ఆ పిల్ల నోరు తెరవలేదు. డ్రెస్సు తీసిచ్చింది నేను. గుండీ కుట్టిందీ నేనే. దొంగంటే నేనే.”

తీగ చివర పిచ్చుక మరిచిపోయిన చుడీదారు వేలాడుతోంది. రోజూ వేసుకున్నది, ఏ ఫోటోలోనూ పెట్టనిది. మోచేతుల దగ్గర వెలిసిపోయినా, మడత మాత్రం చెక్కు చెదరలేదు.