గంజి కాదది

గంజి కుదిరిందో లేదో మా అత్తమ్మ జోగమ్మ నాలుకతో చూస్తుంది. గద్వాలలో నలభై ఏళ్లుగా చీరల పడుగులకు గంజి పెట్టిన మనిషి. ఆ సంగతి తెలిసి కూడా, మక్కపిండి గంజిలో అక్రిలిక్ ఆసిడ్ కలిపిన గిన్నెను వంటింట్లోనే పెట్టాను. నాదీ ఒక చదువేనా!

అది 2006 ఎండాకాలం. మగ్గం మీద పడుగు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతున్నాయి. పెళ్లికి ముందు నేను కెమిస్ట్రీ చదివి జిగురు కంపెనీలో పనిచేశాను. పిండినీ ఆసిడ్‌నూ కలిపి కాగబెడితే పోగు తెగని జిగురు వస్తుందని తెలుసు. తెలిసినవాళ్లను అడిగి ఒక సీసా తెప్పించాను. దాని చీటీ మీద కాలుతున్న చెయ్యి బొమ్మ ఉంది. అత్తమ్మ చూస్తే ఇంట్లోకి రానివ్వదని చీటీ చింపేశాను.

"ఏందే గిది?" అని అడిగితే, "గంజే అత్తమ్మా, జర జిగురెక్కువ," అన్నాను.

జిగురు కట్టడానికి అందులో ఇంకా కలపాల్సిన పొడి కోసం పెరట్లోకి వెళ్లొచ్చేసరికి అత్తమ్మ నోరు పట్టుకుని కూలబడింది. నాలుక తెల్లగా పాలిపోయింది.

నా భర్త శివకుమార్ మగ్గం గుంటలోంచి ఉరికొచ్చాడు. పక్కింటి రుక్కమ్మ ఉప్పునీళ్లు తెచ్చింది. "తాగిపియ్యి, కక్కుతది."

గ్లాసు ఎగరగొట్టాను. "కక్కియ్యొద్దు! గొంతు మళ్ల కాల్తది!"

"మా అమ్మను సంపుతవానే?" అని ఆయన నన్ను తోసేశాడు. అయినా నేను అత్తమ్మను వదల్లేదు. మంచినీళ్లతో మళ్లీ మళ్లీ పుక్కిలింపజేశాను.

రుక్కమ్మ సీసా ఎత్తి చూపింది. "చీటీ చింపిండ్రు, సూడుర్రి."

అందరూ నా వైపే చూశారు.

దవాఖానలో డాక్టరుకు ఆసిడ్ పేరు చెప్పాను. "కక్కించకపోవడం మంచిదైంది. ప్రాణానికి భయం లేదు. రుచి మళ్లీ తెలుస్తుందో లేదో మాత్రం చెప్పలేను," అన్నాడాయన. "చీటీ ఎవరు చింపారు? పోలీసులకు రాయాలి."

అత్తమ్మ తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "నేనే," అంది వాచిన నోటితో.

నేను ఊరుకుంటే అంతటితో పోయేది. నా వల్ల కాలేదు.

"కాదు సార్. నేనే చింపిన. చూస్తే వద్దంటదని చింపిన."

అత్తమ్మ లేచి కూర్చుని నా చెంప మీద ఒక్కటిచ్చింది.

"ఇంకోటి కొట్టు అత్తమ్మా," అంటూ ఆమె ఒళ్లో పడి ఏడ్చాను. ఆమె కొట్టలేదు.