కత్తెర పెట్టగూడని మాటలు

టైలరమ్మకి ఆ పూట అప్పగించిన పని ఒక్కటే: నోరు మూసుకుని కూర్చోవడం. వినడానికి ఇంతకంటే సులువైన పని లోకంలో లేదు. కానీ ఆవిడని ఎరిగినవాళ్లెవరూ ఆ మాట అనరు. ముప్పై ఏళ్లుగా ఆల్టరేషన్ షాపు నడుపుతున్న మనిషి. పొడుగు ప్యాంట్లు కురచ చేస్తుంది, బిగుతు కోట్లు వదులు చేస్తుంది, చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది. మధ్యలో మిషనైనా ఆగుతుంది గానీ ఆవిడ నోరు ఆగదు.

"పిన్నీ, నీకు దణ్ణం పెడతాను," అంది అక్క కూతురు పొద్దున్నే షాపుకొచ్చి. "గంటంటే గంటే. వెనక కుర్చీలో కూర్చో. నేనెవరో నీకు తెలియదు, నువ్వెవరో నాకు తెలియదు."

"ఈ చేతుల్తో పెంచాను కదే! తెలియదని ఎలా అనను?"

"అనొద్దు. అసలేమీ అనొద్దు. అదే కదా మొత్తుకుంటున్నా."

సంగతేమిటంటే, ఈ పిల్ల నాలుగేళ్లు రాత్రీ పగలూ కూర్చుని జపనీస్ నేర్చుకుంది. పరీక్షలన్నీ పాసయింది. కానీ నలుగురి ముందు నిలబడి పాఠం చెప్పమంటే చాలు, నోట్లో తడారిపోతుంది. ఊళ్లో భాషలు నేర్పే చోట్లు మూడే మూడు. రెండు చోట్ల డెమో క్లాసు చెప్పి, చెమటలు పట్టి, తిరిగొచ్చింది. మూడోచోట ఇవాళ. అక్కడి ఓనరు ముందే తేల్చి చెప్పాడు: క్లాసయ్యాక కనీసం ఆరుగురు చేరితే ఉద్యోగం, లేదంటే లేదు. చుట్టాలు లెక్కలోకి రారు. ఇంతకుముందొక టీచరు బావమరుదులందరినీ తెచ్చి కుర్చీలు నింపాడట, మూడో రోజుకి ఒక్కడూ లేడట. ఇప్పుడు ఫోన్ చేసి వస్తామన్నవాళ్లు ఐదుగురు. ఆరో మనిషి కోసం వెతికి వెతికి, చివరికి పిన్ని కాళ్ల మీద పడింది.

"సరే గానీ, క్లాసుకా నన్ను తీసుకెళ్లేది? నా బుర్ర సంగతి నీకు తెలుసుగా," అంది టైలరమ్మ.

ఆ బుర్ర సంగతి ఆవిడే అందరికీ చెప్పుకుని నవ్వుతుంది. ఐదో క్లాసులో ఓ మాస్టారు ఆవిడని బెంచీ ఎక్కించి, "నీ బుర్రలోకి ఏదీ దూరదు, ఇంటికెళ్లి సూదిలోకి దారం దూర్చుకో" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆవిడ నిజంగానే ఇంటికెళ్లిపోయింది, మళ్లీ బడి గడప తొక్కలేదు. కొలతలు రాసుకుంటుంది, బోర్డులు చదువుతుంది. కానీ ఎవరైనా అచ్చు కాగితం చేతికిస్తే మాత్రం, కళ్లజోడు పెట్టుకునే ఉన్నా, "కళ్లజోడు మర్చిపోయాను, మీరే చదవండి" అంటుంది. ఆ మాస్టారు అన్నమాట ఆవిడ నలభై ఏళ్లకు పైగా నమ్మింది.

పదింటికల్లా అందరూ వచ్చారు. మొదటి అంతస్తులో ఒక గది, తెల్లబోర్డు, కిర్రుకిర్రుమనే ఫ్యాను, ప్లాస్టిక్ కుర్చీలు. ముందు వరసలో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, వాళ్ల వెనక రాత్రి డ్యూటీ దిగి స్వెటరుతోనే వచ్చేసిన నర్సు, ఆమె పక్కన ఒక కార్ల మెకానిక్కు, గోడవారన మెడికల్ షాపాయన. అందరి వెనక టైలరమ్మ, చేతులు కట్టుకుని, బుద్ధిగా. ఓనరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఈ పూటకి టీచరైన పిల్ల బోర్డు ముందుకొచ్చింది. "జపనీస్‌లో విశేషణాలు రెండు రకాలు. విశేషణం అంటే, ఒక వస్తువు ఎలా ఉందో చెప్పే మాట." అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత పుస్తకంలోని పట్టికని బోర్డు మీదికి ఎక్కించడం మొదలుపెట్టింది. పన్నెండు గడులు. ఉంది, లేదు, ఉండేది, ఉండేది కాదు. గీతలు వంకర్లు పోతున్నాయి. కాలేజీ అమ్మాయిలు ఫోన్లు తీశారు. నర్సు ఆవులించింది. ఓనరు గడియారం చూశాడు, కాసేపాగి మళ్లీ చూశాడు. వెనక కూర్చున్న టైలరమ్మ ఇదంతా చూసింది. అయిపోయింది, పిల్ల కొంప మునిగింది అనుకుంది.

పిల్లకీ అలాగే తోచినట్టుంది. పట్టిక మొత్తం తుడిచేసింది. ఒక్క మాట రాసింది, అదీ తెలుగు అక్షరాల్లో: తకాయి.

"ఎత్తుగా ఉంది అని. ఇది మొదటి రకం." వేలితో చివరి 'యి'ని చెరిపి, అక్కడ 'కునాయి' అని రాసింది. "తకాకునాయి. ఎత్తుగా లేదు." మళ్లీ చెరిపి 'కత్తా' అని రాసింది. "తకాకత్తా. ఎత్తుగా ఉండేది." దాని కింద ఇంకో మాట రాసింది: షిజుకా. "ప్రశాంతంగా, నిశ్శబ్దంగా అని. ఇది రెండో రకం. దీన్ని చెరపం. పక్కన తగిలిస్తాం. షిజుకా జానాయి, నిశ్శబ్దంగా లేదు. షిజుకా దెషిత, నిశ్శబ్దంగా ఉండేది."

టైలరమ్మ కట్టుకున్న చేతులు ఊడిపోయాయి. ఆవిడ కళ్లు బోర్డు మీది మాటల్ని కాదు, పిల్ల వేలిని చూస్తున్నాయి. మొదటి మాటకి అంచు కత్తిరించింది, కొత్త ముక్క కుట్టింది. ప్యాంటు. అచ్చం ప్యాంటే! రెండో మాటకి కత్తెర పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? పెడితే పోగులు ఊడిపోతాయి గనక! స్వెటరుకి ఎవడైనా కత్తెర పెడతాడా? పట్టీ విడిగా చేసి అంచుకి తగిలిస్తాడు గానీ!

ఒళ్లంతా ఝల్లుమంది. ఇలాంటిది ఆవిడకి ఎప్పుడూ జరగలేదు. పెదవులు బిగబట్టింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"సముయి అంటే చలిగా ఉంది. ఇది మొదటి రకమే," అంది టీచరు. "మరి చలిగా లేదు అనాలంటే?"

మెడికల్ షాపాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఓనరు మళ్లీ గడియారం చూశాడు. టైలరమ్మ ఆపుకుంది, ఆపుకుంది, ఇక ఆవిడ వల్ల కాలేదు.

"సముకునాయి!" అని అరిచి లేచి నిలబడింది. "ఒసేయ్ బుడంకాయా, ఇంతేనటే! మొదటిది నేత గుడ్డ, రెండోది అల్లిక గుడ్డ! ఈ ముక్క ముందే ఏడిస్తే పోయేదిగా!"

టీచరు మొహం పాలిపోయింది. చిన్నప్పుడు బొద్దుగా ఉండేదని పెట్టిన ముద్దుపేరు అది, ఇంట్లోవాళ్లు తప్ప ఇంకెవరూ పిలవరు. కాలేజీ అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. టైలరమ్మ నాలుక కరుచుకుంది గానీ, ఇంకేం లాభం?

మెకానిక్కు మాత్రం వెనక్కి తిరిగాడు. "నేత గుడ్డేంటి, అల్లిక గుడ్డేంటి అమ్మా? కొంచెం అర్థమయ్యేలా చెప్పండి."

టైలరమ్మ పిల్ల వంక చూసింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా ఓ నవ్వు నవ్వింది. "చెప్పు పిన్నీ. ఎలాగూ అయిందేదో అయింది."

ఇంకేముంది! టైలరమ్మ గబగబా వచ్చి మెకానిక్కు ప్యాంటు అంచు పట్టుకుంది. "ఇది నేత గుడ్డ. పొట్టి చేయాలన్నా పొడుగు చేయాలన్నా కింద అంచు కత్తిరించి ఇంకో ముక్క వేస్తా. మొదటి రకం మాట ఇంతే. 'యి' అనే అంచు తీసెయ్, 'కునాయి' కుట్టెయ్." తర్వాత నర్సు స్వెటరు చెయ్యి ఎత్తి చూపించింది. "ఇది అల్లిక. దీనికి కత్తెర పెట్టారో, చెయ్యి మొత్తం ఊడి దారమై చేతికొస్తుంది. కాబట్టి ముట్టుకోకుండా పక్కన తగిలించాలి. జానాయి, దెషిత. అంతేనటే?"

"అంతే పిన్నీ! అచ్చం అంతే!" పిల్ల గొంతులోకి ఎక్కడిదో ప్రాణం వచ్చింది. ఇక బోర్డు వంక చూడనే లేదు. "అయితే చెప్పండి, ఫురుయి అంటే పాతగా ఉంది. నేత గుడ్డ. పాతగా ఉండేది అంటే?"

"ఫురుకత్తా!" అన్నాడు మెకానిక్కు.

"అత్సుయి, వేడిగా ఉంది. వేడిగా లేదు?"

"అత్సుకునాయి!" కాలేజీ అమ్మాయిలు ఫోన్లు ఒళ్లో పడేశారు.

"హిమా అంటే ఖాళీగా ఉండటం. ఇది అల్లిక. ఖాళీగా లేను అంటే?"

"హిమా జానాయి," అంది నర్సు. "ఇది ఒక్కటి వస్తే చాలు నాకు, రోజంతా ఇదే చెప్పుకుంటా." గదంతా నవ్వింది. మెడికల్ షాపాయన కూడా కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"షిజుకా పక్కన వస్తువు పేరొస్తే మధ్యలో 'నా' పెట్టాలి. హెయా అంటే గది. షిజుకానా హెయా, నిశ్శబ్దమైన గది."

"హుక్కన్నమాట," అంది టైలరమ్మ. "మరి నేత గుడ్డకో?"

"దానికి హుక్కు అక్కర్లేదు. ఫురుయి హెయా, పాత గది. అంతే."

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకళ్ల తప్పు ఒకళ్లు దిద్దుతున్నారు. టైలరమ్మకి కాళ్లు నేల మీద నిలవడం లేదు. అప్పుడు ఓనరు తలుపు దగ్గర్నుంచి చప్పట్లు కొట్టాడు. మెచ్చుకుని కాదు, ఆపమని.

"అమ్మా, మీరు టీచరుకి ఏమవుతారు?"

"పిన్నినండీ."

ఆయన టీచరు వైపు తిరిగాడు. "చుట్టాలు లెక్కలోకి రారని చెప్పాను కదమ్మా. పైగా తెలియనట్టు కూర్చోబెట్టారు. క్లాసు బాగుంది, కాదనను. కానీ ఐదుగురే అయ్యారు. నాకు ఆరుగురు కావాలి."

పిల్ల మార్కరుకి మూత పెట్టేసింది. ఆ మూత పెట్టిన చప్పుడు టైలరమ్మ గుండెలో పడింది. తన నోరే, పాడు నోరే ఇంత పని చేసింది. ఒక్క గంట మూసుకోలేకపోయింది.

"సార్, చుట్టమైతే చదువుకోకూడదా?" అంది. "నన్ను అడగండి. ఏదైనా అడగండి. రాకపోతే నేనే వెళ్లిపోతా."

ఓనరు ఒకప్పుడు జపనీస్ పాఠాలు చెప్పినవాడే. "కిరేయి. అందంగా ఉంది అని. అందంగా లేదు అనండి."

టైలరమ్మ క్షణం కూడా ఆగలేదు. "కిరేకునాయి!"

"తప్పు."

ఆ ఒక్క మాటతో ఆవిడ బెంచీ మీద నిలబెట్టిన పదేళ్ల పిల్లయిపోయింది. చెవులు వేడెక్కాయి. కాళ్లు వాటంతటవే తలుపు వైపు తిరిగాయి. ఇప్పుడు వెళ్లిపోవాలి, అలవాటు అదే. దూరదు, నీ బుర్రలోకి ఏదీ దూరదు. కానీ దూరింది కదా! ఇంతసేపూ దూరిందే! అది అబద్ధమెలా అవుతుంది?

"ఎందుకు తప్పు?" అంది.

జన్మలో ఏ టీచర్నీ ఆవిడ ఆ ప్రశ్న అడగలేదు. ఓనరు జవాబు చెప్పబోతే పిల్ల అడ్డం వచ్చింది. "మీరుండండి సార్, నేను చెబుతా. పిన్నీ, చివర 'యి' ఉంది గానీ, కిరేయి..."

"ఆగు, ఆగవే! చెప్పకు!" టైలరమ్మ కళ్లు మూసుకుంది. "నేతలా కనబడే అల్లిక. అంతేనా? బజార్లో దొరుకుతుంది అలాంటి గుడ్డ, కోటుకి వాడతారు. చూస్తే నేతే అనిపిస్తుంది. ఒకసారి నేను కత్తెర పెట్టి తిట్లు తిన్నా. సాగుతుందో లేదో లాగి చూడకుండా కొయ్యకూడదు దాన్ని." కళ్లు తెరిచింది. "కిరేయి జానాయి. అందంగా ఉండేది అంటే, కిరేయి దెషిత."

"కరెక్ట్!" అని పిల్ల ఎగిరింది. మెకానిక్కు కుర్చీ చరిచాడు.

"ఇలాంటి మాయదారివి ఇంకెన్నున్నాయే?"

"కొన్నే ఉన్నాయి. కిరాయి ఒకటి, ఇష్టం లేదు అని. వీటిని గుర్తుపెట్టుకోవాల్సిందే."

"అయితే రాసుకోవాలి. కాగితం ఇవ్వండెవరైనా."

ఓనరు రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. మిగతా ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు పేర్లు రాశారు. టైలరమ్మ చెయ్యి చాపితే ఆయన ఇవ్వలేదు. "మీరు అక్క కూతురి కోసం వచ్చారు. మూడో రోజు మానేస్తారు. అప్పుడు నా బ్యాచ్ గతేం కావాలి?"

"దాని కోసమే వచ్చాను సార్, దాచేదేముంది," అంది టైలరమ్మ. ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది. "దానికి ఉద్యోగం ఇవ్వకపోయినా సరే, ఇంకో టీచర్ని పెట్టుకున్నా సరే, నేను రేపొస్తాను. మీరే చెప్పినా కూర్చుంటాను. అది తర్వాత ఇంటికొచ్చి నాతో పోట్లాడనీ."

పిల్ల పిన్నిని చూసింది. ఇది తనకోసం చేస్తున్న సాయం కాదని ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. ఓనరుకీ తెలిసినట్టుంది. రిజిస్టరు చేతికిచ్చాడు.

అచ్చు గడులు. పేరు, వృత్తి, చేరడానికి కారణం. టైలరమ్మ ఎవరినీ చదివి పెట్టమనలేదు. మెకానిక్కు కారణం గడిలో "ఉద్యోగం" అని రాశాడు, నర్సు "విదేశంలో పని" అని, అమ్మాయిలిద్దరూ "బొమ్మల సినిమాలు" అని. ఆవిడ పేరు రాసింది, వృత్తి రాసింది. మూడో గడి దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత పెద్ద పెద్ద అక్షరాలతో, గడి దాటిపోయేలా రాసింది: "నాకు అర్థమవుతోంది గనక."

ఓనరు చదివాడు. మళ్లీ చదివాడు. దాని పక్కన 'ఆరు' అని అంకె వేసి, "రేపు పదింటికి టీచర్‌గారూ," అన్నాడు పిల్లతో. టైలరమ్మ అక్కడే, అందరి ముందూ, సిగ్గు లేకుండా భోరున ఏడ్చేసింది.