ఖాళీ అని రాసిన మెరక

ప్రొక్లెయిన్ బకెట్ మట్టిని లారీలో గుమ్మరించబోతుంటే అందులోంచి ఒక దువ్వెన జారి కింద పడింది. కొయ్య దువ్వెన. ఒక పన్ను విరిగిన చోట రాగితీగ చుట్టి ఉంది.

ఉదయం ఎనిమిదిన్నర. పనులకు పోతూ యంత్రం చప్పుడు విని దారి మళ్ళి వచ్చిన పది పన్నెండుమందిమి అక్కడ నిలబడి ఉన్నాం. ఊరందరికీ జుట్టు కత్తిరించే కత్తెర మామ ఒక్కడే వెళ్ళి వంగి దాన్ని తీసుకున్నాడు. చొక్కా అంచుతో తుడిచాడు. తీగ మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాశాడు.

"ఇది మా ఆవిడది," అన్నాడు. "తీగ నేనే చుట్టాను."

కంట్రాక్టరు నవ్వాడు. "పారేసుకుందా? ఎప్పుడు తాతా?"

"పారేసుకోలేదు బాబూ. పద్నాలుగేళ్ళ కింద ఆవిడని ఇక్కడ పూడ్చినప్పుడు తల్లో పెట్టాను."

కంట్రాక్టరు మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. తర్వాత జీపులోంచి చుట్టచుట్టిన కాగితం తీసి మా ముందు విప్పాడు. "ఇది మీ ఊరి మ్యాపు. కింద వేలిముద్రలు మీవే. ఈ మెరక దగ్గర ఏం రాసుందో చదువుకోండి. ఖాళీ. నిరుపయోగం. నేనా రాసింది? మీరు ఖాళీ అంటేనే కదా నాకు మట్టి తీసుకోమని ఇచ్చారు." డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ఆ పూట పదకొండు లారీలు వెళ్ళాయి.

ఆ మ్యాపు గీసింది నేను. కార్మికులారా, విద్యార్థులారా, మీ ముందు ఈ కథ చెప్పడానికి నాకున్న అర్హత అదే. ఇంకో అర్హత ఉందని బుకాయించను.

నేను తాపీ పని చేస్తాను. మా ఆయన చెయ్యి విరిగి మూలపడ్డాక తాపీ నా చేతికొచ్చింది. పునాదులకు సున్నంతో గీత గీస్తే దారం పట్టక్కర్లేదని పేరు. అందుకే గ్రామాభివృద్ధి ఆఫీసు నుంచి ప్లాను సారు వచ్చి, "మీ ఊరి మ్యాపు మీరే గీయాలి, మీ భూమి దేనికెలా వాడుతున్నారో మీరే చూపించాలి, దాన్నిబట్టే పథకం" అన్నప్పుడు, బడి ముందున్న చదును నేల మీద సున్నం డబ్బా నా చేతికిచ్చారు. పొగిడితే పొంగిపోయే రకం నేను. పొంగిపోయాను.

ఇళ్ళు గీశాను. బావి గీశాను. ఎవరి పొలం చెక్కలో ఏం పండుతుందో, మేకలు ఎటు మేస్తాయో, ఆడవాళ్ళు పుల్లలకు ఏ డొంకన పోతారో, ఒక్కటీ వదల్లేదు. చుట్టూ జనం. "మా దొడ్డి చిన్నగా గీశావేంటి మేస్త్రక్కా, నీకేమైనా కూలి బాకీ పడ్డామా?" అని ఒకరు, "దాని గోడ వంకర, నువ్వే కట్టావు" అని ఇంకొకరు. నవ్వులే నవ్వులు. సారు కూడా నవ్వాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మాకు పని తేలికయ్యేది.

ఊరికి ఉత్తరాన ఎర్ర మెరక దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగింది. నవ్వులూ ఆగాయి.

మా ఊరు ఇక్కడ పుట్టింది కాదు. నలభై ఏళ్ళ కింద లోయలో ఉండేది. ఆనకట్ట కట్టి లోయను నీళ్ళకిచ్చేసి, మమ్మల్ని లారీల్లో తెచ్చి ఈ ఎత్తు మీద దింపారు. మొదటి వేసవిలో నీళ్ళు తీస్తే పాత ఊరి సమాధుల రాళ్ళు బయటపడ్డాయట. చూసి వచ్చినవాళ్ళు మూడు రోజులు ముద్ద ముట్టలేదట. అప్పుడు పెద్దవాళ్ళు కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఇకమీదట రాయి పాతొద్దు. పూడ్చి, మట్టి చదును చేసేయాలి. ఎవరు ఎక్కడున్నారో పూడ్చినవాళ్ళకు తెలిస్తే చాలు, అది నోట అనకూడదు. వాళ్ళ పేర్లు కూడా తియ్యకూడదు. మళ్ళీ మనల్ని లేపేస్తే, తిరిగి చూసి ఏడవడానికి ఏదీ కనబడకూడదు.

ఆ మాట మీద నలభై ఏళ్ళు నిలబడ్డాం. ఎర్ర మెరక మీద దున్నం, మేపం, పుల్ల ఏరం. చూసేవాడికి అక్కడ గడ్డి తప్ప ఏమీ కనబడదు.

"ఇక్కడేముంది?" అని సారు అడిగాడు.

మా అత్త, "ఏం లేదు" అంది.

ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. నేను ఆ చోటు వదిలేసి పక్కనున్న వాగు గీశాను. తర్వాత ఫొటో తీశారు, కాగితం మీదికెక్కించారు, అందరం వేళ్ళు అద్దాం. మా నోటితో మేమే మా వాళ్ళని లేరన్నాం.

నా మొదటి బిడ్డ ఆ మెరక మీదే ఉంది. ఆడపిల్ల. పదకొండు రోజులు బతికింది. నేను జ్వరంతో స్పృహ లేకుండా పడి ఉంటే మా అత్త తన పాత దుప్పటి చింపి, చుట్టి, తీసుకెళ్ళింది. ఎక్కడ పెట్టావని నేను అడగలేదు. అడగకూడదు కదా. పంతొమ్మిదేళ్ళు అడగలేదు. అందుకే ఆ పదకొండు లారీలు వెళ్ళిన రోజు, కత్తెర మామకైనా ఒక దువ్వెన దొరికింది గానీ, నా పిల్ల మెరక మీద ఉందో లారీలో పోయిందో నాకు తెలియలేదు.

ఆ ఎర్రమట్టి ఎక్కడికి పోయిందో చెప్తాను వినండి. ఊరి నుంచి ఆఫీసు దాకా కొత్త రోడ్డు వేశారు. మా అభివృద్ధి కోసమే. వెడల్పుగా, ఎర్రగా, అందంగా ఉంది. దాని మీద మాలో ఒక్కరు నడవలేదు. పొలానికి పోయే ఆడవాళ్ళు, బడికి పోయే పిల్లలు, తట్ట నెత్తిన పెట్టుకున్న ముసలివాళ్ళు అందరం రోడ్డు పక్క కాలువలో దిగి, మోకాళ్ళ దాకా బురదలో నడిచాం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నిర్ణయించలేదు. ఆ మట్టిలో ఎవరున్నారో తెలియనప్పుడు కాలు ఎక్కడ పెడతాం? ఒక మధ్యాహ్నం మా అత్త రోడ్డు అంచున కూర్చుని చీపురుతో మట్టిని లోపలికి ఊడవడం చూశాను. ఎందుకని అడిగితే, "కాలవలోకి జారుతున్నారే" అంది.

ఆఫీసుకు వెళ్ళాం. ప్లాను సారు కుర్చీలోంచి లేచి మరీ మాట్లాడాడు. "అయ్యో, అప్పుడే చెప్పాల్సింది కదమ్మా! ఒక్క రాయి ఉన్నా, ఒక్క గుర్తున్నా నేనే అడ్డుపడేవాణ్ణి. రికార్డులో లేరు. ఇప్పుడు నా చేతుల్లో లేదు."

"మీ చేతుల్లో లేదు, మా మాటలో లేదు. మరి ఎవరి దగ్గరుందయ్యా?" అన్నాడు కత్తెర మామ. సారు తల దించుకున్నాడు. ఆ దించిన తలతోనే ఇంకో ఇరవై రోజులకు అనుమతి పొడిగించాడు.

ఆదివారం మధ్యాహ్నం విత్తనాల గోడౌన్‌లో ఊరంతా కూడింది. పక్కనున్న ఇటుక బట్టీల కూలీలు కూడా వచ్చారు. ఆ రోజు వాళ్ళకు సెలవు. గొడవ మామూలుగా జరగలేదు.

"కోర్టుకు పోదాం."

"పోయి ఏం చూపిస్తావు? గడ్డి చూపిస్తావా?"

"కంట్రాక్టరు కాళ్ళు పట్టుకుందాం. మిగిలిన సగమైనా వదిలేస్తాడు."

"ఏ సగం? మీ నాయనున్న సగమా, మా నాయనున్న సగమా?"

కాలేజీలో చదివే కత్తెర మామ మనవరాలు లేచింది. "మనం నోరు విప్పాలి. ఎవరు ఎక్కడున్నారో బయటికి చెప్పాలి. వెళ్ళి వాళ్ళ చోట్ల మనం నిలబడాలి. యంత్రం రావాలంటే మన మీంచి రావాలి."

"నీకేం తెలుసే నిన్నగాక మొన్న పుట్టినదానివి!" అని మా అత్త విరుచుకుపడింది. "నలభై ఏళ్ళ మాట అది. మా పెద్దవాళ్ళు ఏడ్చి ఏడ్చి అనుకున్న మాట. నీ పుస్తకాల్లో పెట్టుకో నీ తెలివి."

నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో తెలియదు. నాకు మా అత్తంటే భయం, ఇప్పటికీ భయమే. లేచి నిలబడి అందరి ముందూ అడిగేశాను.

"అత్తా, నా పిల్ల ఎక్కడుంది?"

మా అత్త నా వంక చూడలేదు. చాలాసేపు తన అరిచేతులు చూసుకుంది.

"రోజూ లెక్కేసుకుంటున్నానే," అంది చివరికి. "యంత్రం దాని దగ్గరికి ఇంకెన్ని అడుగులుందో రోజూ పోయి చూసి వస్తున్నా. నిన్నటికి ఏడడుగులు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఏడవకూడదనే ఆ మాట అనుకున్నాం. ఇప్పుడు చేస్తున్నదేంటి? రేపు పొద్దున చూపిస్తా. నువ్వొక్కదానివే కాదు, అందరూ రండి. ఎవరి వాళ్ళని వాళ్ళు చూపించండి."

నలభై ఏళ్ళుగా గుంతలు తవ్విన గుంతల తాత మూలనుంచి అన్నాడు. "మొత్తం నూట ఆరుగురు. లారీల్లో పోయినవాళ్ళు పోగా ఇంకా ఎనభై మందికి పైనే ఉన్నారు. అందులో పద్నాలుగుమందికి ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు. వాళ్ళ చోట్లు నాకు తెలుసు గానీ, పద్నాలుగు చోట్ల నేనొక్కణ్ణే ఎలా నిలబడను?"

బట్టీ కూలీల్లోంచి ఒకామె చెయ్యెత్తింది. "మావాళ్ళు ఏ ఊళ్ళో పోతే ఆ ఊళ్ళోనే వదిలేసి వచ్చాం. మేం నిలబడతాం. మాకెవరిని ఇస్తారు?"

సోమవారం ఉదయం ఎక్కాం. గుంతల తాత ముందు నడిచాడు. అడుగులు కొలుస్తూ, ఆగుతూ, "ఇక్కడ" అంటూ పోయాడు. అన్నచోటల్లా ఒకరు నిలబడ్డారు. ముందు ఎవరో తమ తల్లి పేరు అన్నారు. ఇంకెవరో తమ్ముడి పేరు అన్నారు. నేనెప్పుడూ వినని పేర్లు, నా చిన్నప్పుడే నోట్లోంచి పోయిన పేర్లు మెరకంతా వినబడసాగాయి. బట్టీ ఆడమనిషి తనకిచ్చిన ముసలమ్మ గురించి తాతను అడుగుతోంది, ఆమె ఎలా ఉండేది, ఏం పని చేసేది, మాట కటువా మెత్తనా అని. కత్తెర మామ తవ్వేసిన గుంతలోకి దిగి నిలబడ్డాడు. ఆయన చోటు అదే.

మా అత్త నా మణికట్టు పట్టుకుని తీసుకెళ్ళింది. తెగిన అంచు దగ్గరికి. వేలితో చూపించింది. అంత చిన్న చోటు. రెండు పాదాలు పెట్టడానికి మనసొప్పక దాని పక్కన కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ళకు మొదటిసారి నా బిడ్డ పక్కన కూర్చున్నాను. మా అత్త తన మొగుణ్ణి పూడ్చిన చోటికి వెళ్ళిపోయింది.

యంత్రం వచ్చింది. డ్రైవరు పైనుంచి అరిచాడు. "అక్కా, నేనూ కూలీనే! నేను దిగితే రేపు ఇంకొకడెక్కుతాడు!"

"ఎక్కనీ," అన్నాడు గుంతలోంచి కత్తెర మామ. "వాడికీ చెప్తాం."

డ్రైవరు కాసేపు అటూ ఇటూ చూసి ఇంజను ఆపేశాడు. కంట్రాక్టరు తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను, మీకు తెలిసినవే. గంటలో పోలీసులొచ్చారు. ఈడ్చారు, లాఠీలతో పొడిచారు, కత్తెర మామను గుంతలోంచి రెక్కలు పట్టి లాగారు. ఎనభై ఆరుగురిని మూడు వ్యాన్లలో కుక్కారు.

స్టేషన్ వరండాలో రైటరు కానిస్టేబులు పెద్ద పుస్తకం తెరిచాడు. వరసలో ముందున్నది కత్తెర మామ.

"పేరు?"

మామ పెదవి చిట్లి రక్తం కారుతోంది. తన భార్య పేరు చెప్పాడు.

"ఏయ్ ముసలోడా, ఆడపేరు చెప్తావా? తమాషానా?"

"మెరక మీద ఉన్నది ఆవిడే. నన్ను ఆవిడ చోటునుంచే పట్టుకొచ్చారు. రాసుకో."

ఇది మాలో ఎవరూ ముందు అనుకున్నది కాదు. రెండో మనిషి తన తండ్రి పేరు చెప్పాడు. మూడో మనిషి చెల్లెలి పేరు. బట్టీ ఆడమనిషి తనకిచ్చిన ముసలమ్మ పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. ఇన్‌స్పెక్టరు లోపల్నుంచి వచ్చి అరిచాడు. "అసలు పేర్లు చెప్పకపోతే ఒక్కర్ని కూడా వదలను!" వదలమని ఎవరడిగారని మా అత్త అంది. సాయంత్రం కావస్తోంది, పై ఆఫీసునుంచి ఫోన్ల మీద ఫోన్లు. "ఏదో ఒకటి రాసి పడెయ్యవయ్యా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అరెస్టయిన చోటు అన్న గడిలో ప్రతి పేరు ఎదురుగా కానిస్టేబులు 'ఎర్ర మెరక' అని రాసుకుంటూ పోయాడు.

నా వంతొచ్చింది.

"పేరు?"

అప్పుడు గుర్తొచ్చింది, నా బిడ్డకు పేరు పెట్టలేదు. పెట్టేలోపే పోయింది. వెనక్కి తిరిగి మా అత్త వంక చూశాను. ఆమె కూడా నన్నే చూస్తోంది. లోపల ఎక్కడో పంతొమ్మిదేళ్ళుగా ఒక పేరు దాచుకుని ఉన్నానని నాకే తెలియదు. చెప్పాను.

"వయసు?"

"పదకొండు రోజులు."

కానిస్టేబులు కలం ఆపాడు. నా మొహం చూశాడు. అతనూ ఎవరో ఒకరి బిడ్డే కదా. "ఇక్కడ ఏళ్ళే రాయాలమ్మా" అన్నాడు చిన్నగా.

"పదకొండు రోజులేనయ్యా. ఎక్కువ ఎక్కణ్ణుంచి తెచ్చి చెప్పను?"

రాశాడు.

మర్నాడు కోర్టుకు తీసుకెళ్ళడానికి స్టేషన్ ఆవరణలో వరసగా నిలబెట్టి హాజరు పిలిచారు. పుస్తకంలో ఉన్నవే పిలవాలి కదా. గేటు బయట ఎనిమిదూళ్ళ జనం, బట్టీ కూలీలు, కాలేజీ పిల్లలు. ముందురోజంతా ఊరూరా కబురు మోసిన కత్తెర మామ మనవరాలు గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. కానిస్టేబులు ఆమె నానమ్మ పేరు గట్టిగా చదవగానే ఆ పిల్ల ఏడ్చేసింది. మామ "ఉన్నా" అన్నాడు. పేరు తర్వాత పేరు. ఉన్నా. ఉన్నా. నా బిడ్డ పేరు వచ్చింది. నోరు తెరిచి నిలబడ్డాను, మాట రాలేదు. కానిస్టేబులు తలెత్తి ఇంకోసారి పిలిచాడు.

గేటు బయట జనమంతా ఒక్క గొంతుతో అన్నారు, "ఉంది!"