అంగుళం లూజు

తాడు ఒక్కటీ తీసేస్తే తప్పేముంది? స్టూలు ఎలాగూ ఉంటుంది కదా. స్టూలు లేని ఇల్లుండదు, బాత్రూంలో స్టూలు కనిపిస్తే ఎవరూ ఏమీ అనుకోరు. తాడు అలా కాదు. తలుపు గడియకు కట్టి, మూడు చోట్ల ముడులు వేసి, పట్టుకుని పట్టుకుని నల్లబడిన ఆ తాడు, ఈ ఇంట్లో మనిషి ఎలా లేస్తుందో, లేవబోయి ఎన్నిసార్లు కూలబడుతుందో, అడక్కుండానే చెప్పేస్తుంది. నోరు లేని వస్తువులే ఎక్కువ వాగుతాయి, అనుకుంది టైలరమ్మ.

బాత్రూం తలుపుకు ఎదురుగా చక్రాల కుర్చీలో కూర్చుని ఆ తాడునే చూస్తోంది. పదకొండుకు ఆఫీసు నుంచి మనిషి వస్తుంది. ఇంకా ముప్పావుగంట ఉంది.

పొద్దున ఆడపడుచు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. ఆమెది బస్సు డిపోలో పాసులు రాసిచ్చే ఉద్యోగం. రోజూ నూరుమందికి ఒకే మాట చెప్పీ చెప్పీ, ఇంట్లోనూ అదే గొంతు వచ్చేసింది.

"వదినా, నీకు దణ్ణం పెడతాను, ఏదీ ముట్టుకోకు. తాడు తాడులాగే ఉండాలి, స్టూలు స్టూలులాగే ఉండాలి."

"నేను నాలాగే ఉండాలి. అంతేగా?"

"అదే నీకు చేతకాని పని. ఆ మేకపోతు గాంభీర్యాన్ని ఈ ఒక్కపూటకీ అటక మీద పెట్టు."

"అటక ఎక్కేదెవరు, నువ్వా?"

"నువ్వే ఎక్కు! పోయినసారి ఆఫీసు నుంచి వచ్చిన ఆ కళ్ళద్దాలాయనకి చెప్పినట్టు చెబితే అటకేం ఖర్మ, నిన్ను కొండెక్కమంటారు."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే ఒప్పుకున్నట్టవుతుంది.

రెండేళ్ళ కిందట నడుముకు ఆపరేషను జరిగింది. అప్పటి నుంచి ఎడమకాలు మాట వినడం మానేసింది. కుడికాలితోనే మోటారు పెడలు నొక్కుతూ కుట్టుపని సాగిస్తోంది. చిక్కల్లా ఇల్లే. వీధివైపు గదిలో మిషను ఉంది. అక్కడి నుంచి ఇంట్లోకి మూడు మెట్లు పైకి. ఆ మూడు మెట్లూ ఇక మానెయ్యాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. చక్రాల కుర్చీ బాత్రూం తలుపులో పట్టదు. మెట్ల మీద వాలుబల్లలాంటి దారి కట్టి, తలుపు వెడల్పు చేసి, గోడలకు పట్టుకమ్మీలు బిగించాలంటే ఎంతవుతుందో మేస్త్రీ చెప్పినప్పుడు, మిషను అమ్మితే తలుపు వరకైనా వస్తుందా అని ఒక్క క్షణం ఆలోచించింది. మిషనే పోయాక ఆ మెట్లు దిగేది దేనికి?

ఇళ్ళలో ఇలాంటి మార్పులకు ఊళ్ళోని సంక్షేమ ఆఫీసు డబ్బు సాయం చేస్తుందని ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పింది. ఫారాలు నింపడం, డాక్టరు సంతకాలు, మేస్త్రీ రాసిచ్చిన లెక్క, అన్నీ ఆడపడుచే చూసుకుంది. ఇంటికొచ్చి చూసి వెళ్ళడం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటే టైలరమ్మ పాడుచేసింది.

పాడుచెయ్యాలని కాదు. బయటి మనిషి ఇంటికొస్తున్నాడంటే ఇల్లు సర్దుకోమా? వారం రోజులు నిలబడటం సాధన చేసింది. కుర్చీ వీపు పట్టుకుని, గోడ గడియారం చూసుకుంటూ, మొదట రెండు నిమిషాలు, తర్వాత నాలుగు, చివరికి తొమ్మిది. స్టూలు మంచం కిందికి, తాడు డబ్బాలోకి, చక్రాల కుర్చీ తలుపు వెనక్కి వెళ్ళిపోయాయి. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. కళ్ళద్దాలాయన వచ్చేసరికి గుమ్మంలో నిటారుగా నిలబడి, "రండి రండి, దారిలో ఇబ్బంది పడలేదు కదా" అని ఆయన్నే పరామర్శించింది. కాఫీ కూడా తానే కలిపి ఇచ్చింది. ఆయన కాఫీ తాగి, స్టీలు టేపుతో తలుపులు కొలిచి, "మెట్లు దిగుతారా?" అని అడిగాడు. "ఆఁ, దిగుతాను" అంది. ఎలా అన్నది ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. ఆయన అటు వెళ్ళగానే ఇటు మంచం మీద పడింది. సాయంత్రం దాకా లేవలేదు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. ఆధారం లేకుండా నిలబడగలరు, మెట్లు దిగగలరు, కనుక సాయం అవసరం లేదు. అడుగున చిన్న అక్షరాల్లో, అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో తెలపవచ్చునని, మరొకరు వచ్చి చూస్తారని, ఆ రిపోర్టే ఆఖరుదని.

ఆడపడుచు ఉత్తరం రెండుసార్లు చదివి, మడతపెట్టి టైలరమ్మ ముందు పెట్టింది.

"అడగందే అమ్మైనా పెట్టదు వదినా. నువ్వేమో అడిగి, పెడుతుంటే కంచం లాగేసుకున్నావు."

"కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది. నా అవస్థంతా ఎవడికో ఆరబెట్టి చూపించనా?"

"చూపించాలి. వాళ్ళు వచ్చేదే అందుకు! ఆయనేమన్నా నీ వియ్యంకుడా, మర్యాదలు చెయ్యడానికి?"

అప్పుడు ఆడపడుచుకు చెప్పనిది ఒకటుంది. ఇప్పటికీ చెప్పలేదు. చెబితే పిచ్చిదనుకుంటుంది.

టేపు పెడితే మనిషి ఊపిరి బిగబడుతుంది. ముప్పై ఏళ్ళుగా చూస్తోంది. నడుం చుట్టూ టేపు తిప్పగానే ఎంతటివాళ్ళకైనా పొట్ట లోపలికి పోతుంది, ఛాతీ పైకి లేస్తుంది. కొత్తలో ఆ కొలతే రాసుకుని కుట్టేది. పదవీ విరమణ సభ కోసం ఓ హెడ్మాస్టరు కుట్టించుకున్న కోటుకు, ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ "నా ప్రియమైన" అనేసరికి గుండీ తెగి మొదటి వరసలో కూర్చున్నాయన ఒళ్ళో పడింది. ఆ తర్వాత పని నేర్చుకుంది. టేపు మీద కనబడిందే పైకి చదివేది. వాళ్ళ ముఖం వెలిగేది. పుస్తకంలో మాత్రం ఒక అంగుళం కలిపి రాసుకునేది. అంగుళం లూజు. వాళ్ళ గొప్ప వాళ్ళకు, వాళ్ళ బట్ట వాళ్ళకు.

కళ్ళద్దాలాయన చేతిలో టేపు చూడగానే ఆమె మనసులో ఏదో నెమ్మదించింది. కొలతల మనిషే కదా. నిటారుగా నిలబడ్డ మనిషిని చూడగానే ఊపిరి బిగబట్టిందని ఆయనకు తెలిసిపోతుంది. పైకి సరేనంటాడు, పుస్తకంలో అంగుళం కలిపే రాసుకుంటాడు. గట్టిగా అలా అనుకున్నదేమీ కాదు; ఉత్తరం వచ్చాకే, ఇన్నాళ్ళూ తాను అలా నమ్మిందని తెలిసింది. ఆయన కలపలేదు. చూసింది చూసినట్టు రాశాడు. అందుకు ఆయన్నెలా తప్పుబడుతుంది?

గోడ గడియారం పదకొండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ తలుపు దాకా వెళ్ళింది. ముడిలో గోరు దూర్చింది. రాలేదు. ఇంకో ముడి కూడా రాలేదు. ఆడపడుచు తాడును తడిపి మరీ బిగించి వెళ్ళింది. దొంగముఖం! ముప్పై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉంటే మనుషులు ఒకరికొకరు ఇంతగా అర్థమైపోతారు, ఎంత దారుణం.

తాడు పోతే పోనీ. మెత్త ఒకటుంది. అది మాత్రం ఎవరి కంటా పడకూడదు. మెట్ల దగ్గరికి వచ్చి మేకుకు వేలాడుతున్న దాన్ని తీసి, పక్కనే ఉన్న గుడ్డముక్కల సంచిలోకి తోసి, పైన నాలుగు ముక్కలు కప్పింది. సరిగ్గా అప్పుడే కింద వీధి తలుపు కిర్రుమంది.

"లోపల ఎవరండీ? ఆఫీసు నుంచి వచ్చాను."

వచ్చినామె నడివయసు మనిషి. కోటు వేసుకుంది, రెడీమేడు. కుడిచెయ్యి సరిపోయింది, ఎడమచెయ్యి మణికట్టు దాటి కిందికొచ్చింది. విప్పి ఇస్తే పావుగంట పని, అనుకుంది టైలరమ్మ, గుమ్మం పట్టుకుని లేచి నిలబడి, ఊపిరి బిగబట్టి.

ఆఫీసామె మిషనును ఒకసారి చూసి, సంచి కింది మెట్టు పక్కన పెట్టి, పైకి వచ్చింది. కాఫీ అంటే వద్దంది. బాత్రూం తలుపు కొలిచింది, చక్రాల కుర్చీ కొలిచింది. "తలుపు ఇరవై నాలుగు, కుర్చీ ఇరవై ఆరు" అని తనలో తాను చదువుకుంటూ రాసుకుంది. తాడును చూసింది. చేత్తో లాగి చూసింది. కాగితం మీద ఒక గీత రాసుకుంది. ఆ కలం చప్పుడు టైలరమ్మ చెవుల్లో వేడిగా తగిలింది.

"మెట్లు ఎలా దిగుతారమ్మా?"

"మెల్లిగా."

"మెల్లిగా అంటే?"

"గోడ పట్టుకుని."

ఆఫీసామె వంగి గోడ చూసింది. "గోడ మీద ఒక్క మరకా లేదే! మా అమ్మ రెండేళ్ళు పట్టుకుని నడిచిన గోడ, ఎన్ని సున్నాలు వేసినా తెల్లబడలేదు."

కుర్చీ వీపు మీద టైలరమ్మ వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఎన్ని నిమిషాలైంది? ఐదా? తొమ్మిది దాకా పర్వాలేదు.

"చూడండమ్మా," ఆఫీసామె కలం మూత పెట్టింది. "మీరు ఇలా నిలబడటానికి ఎంత కష్టపడుతున్నారో నాకు కనబడుతూనే ఉంది. కానీ నేను ఊహించింది రాయడానికి ఈ కాగితంలో గడి లేదు. ఎలా దిగుతారో చూసి రాయాలి. చూడకుండా రాశానంటే పైవాళ్ళు కొట్టేస్తారు."

గడి లేదు. ఈమెకు కనబడింది, అయినా కలిపే వీల్లేదు.

ఎప్పటిదో ఒక పిల్ల గుర్తొచ్చింది. పదహారేళ్ళుంటాయేమో. ఒక భుజం రెండోదానికంటే కిందికి ఉండేది. తల్లి పక్కనే నిలబడి, "భుజాలు రెండూ సమానమే, రాసుకోండి" అంటోంది, పిల్లేమో నడుం వంకర తిప్పి, భుజం ఎగదోసి, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడింది. తల్లిని వీధిలోకి పంపి తెర లాగింది టైలరమ్మ. "ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. ఊపిరి వదిలెయ్యి. నువ్వు నాకు దాస్తే, రేపు నీ బట్ట అందరికీ చెప్పేస్తుంది" అంది. ఎంత సులువుగా అనేసింది! ఆ పిల్ల వెంటనే వదల్లేదు. చాలాసేపు అలాగే బిగుసుకుని నిలబడి, ఒక్కసారిగా వదిలింది. భుజం జారింది, ముఖం కూడా జారినట్టయింది, కానీ ఆ తర్వాత మొదటిసారి మామూలుగా గాలి పీల్చుకుంది. ఆ పిల్లకు ఆ క్షణంలో ఎంత భయం వేసి ఉంటుందో ఇన్నేళ్ళకు తెలుస్తోంది.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. కింద గదిలో, కిటికీ వెలుగులో మిషను చక్రం తళతళలాడుతోంది. సగం కుట్టిన చొక్కా సూది కింద అలాగే ఉంది.

"ఆ ముక్కల సంచి కాస్త ఇటు అందిస్తారా?" అంది టైలరమ్మ.

ఆఫీసామె అందించింది. ముక్కల అడుగు నుంచి మెత్తను బయటికి తీసింది. పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి, పైన గళ్ళగుడ్డ వేసి, తానే కుట్టుకున్నది. రెండు వైపులా రెండు పట్టీలు. కిందివైపు గుడ్డ రాపిడికి దారాలు లేచి, మట్టికొట్టుకుని, అసలు రంగేమిటో చెప్పలేకుండా ఉంది. ఆఫీసామె కలం మూత తీసింది. తర్వాత చకచకా మెట్లు దిగి, కింద పెట్టిన తన సంచిని పక్కకు జరిపి, గోడ వారగా నిలబడి పైకి చూసింది.

టైలరమ్మ మెత్తను వెనక్కి పెట్టుకుని, పట్టీలు నడుం చుట్టూ తిప్పి, రోజూలాగే ఎడమవైపు ముడి వేసుకుంది. గుమ్మం పట్టుకుని, ఊపిరి వదిలి, పైమెట్టు మీద కూర్చుంది.