మెంతినీళ్ల మహిమ

ఈస్టర్ ముందు దవాఖానాలో పరీక్ష చేయిస్తే క్రీస్తుదాసుకు షుగర్ బాగా తగ్గిందని తేలింది. పరగడుపున తాగే మెంతినీళ్ల మహిమేనని, తాను డంపర్ నడిపే సత్తుపల్లి బొగ్గుగనిలో కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. పండుగ వెళ్లిన నెలకు షుగర్ మళ్లీ మొదటికొచ్చింది.

"గోలీలు ఏస్కుంటనే ఉన్న, మెంతినీళ్లు ఒక్కపూట మానలే. ఏంది గిట్లయింది?" అని ఇంటికొచ్చి మెంతుల డబ్బా మీద విరుచుకుపడ్డాడు.

భార్య కరుణమ్మ ఆలోచనలో పడింది. పాపం, ఆ మెంతులేం చేస్తాయి? ఈస్టర్ ముందరి నలభై శ్రమదినాలూ ఇతను చక్కెర టీ ముట్టలేదు. పండుగ మర్నాటి నుంచి షిఫ్టుకు నాలుగు టీలు తాగుతున్నాడు.

ఆమె రేపటికి చెంచాడు మెంతులు నానబోసింది.

"నలభై దినాలు దేవుని కోసం చక్కెర మానినవ్," అంది మెల్లగా. "ఇగ నా కోసం మాను."