చక్రవర్తి ముఖానికి మెరుగు

వెండి సామాన్లకు మెరుగు పెట్టే మేస్త్రికి ఆ ఉదయం కాలు నిలవలేదు. మ్యూజియంలో కుటుంబాల రోజట. రోమన్ల ఇళ్ళు, వంటపాత్రలు, నాణేలు చూపిస్తారట. రోమ్ అన్న మాటకే ఆయన రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కారణం చరిత్ర కాదు, కూతురు. నాణేల బల్ల దగ్గర ఆమెకిది పరీక్ష రోజు. సాయంత్రానికి పెద్ద మేడమ్ సరేనంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

"ఏమండీ, చేతులు జేబులో పెట్టుకోండి," అంది భార్య గుమ్మంలోనే.

"జేబులో చేతులు పెట్టుకు తిరిగితే జేబుదొంగ అనుకుంటారే."

"మీ జేబులోనే పెట్టుకుంటే ఎవరూ అనుకోరు."

రోమన్ల వంటగదిని రెండు నిమిషాల్లో చుట్టేశాడు. స్నానశాల ముందు నిలబడితే ఆయనకు చెమట స్నానమే అయింది. కూతురి బల్ల దగ్గర ఐదోసారి ప్రత్యక్షమయ్యాడు.

"నాన్నా, నువ్విలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఇది పట్టుకుని కాసేపు కూర్చో," అని, అందరూ ముట్టుకుని చూడటానికి ఉంచిన వెండి నాణెం ఒకటి చేతికిచ్చి, పిల్లల గుంపు వైపు తిరిగింది.

నాణెం మీదున్న చక్రవర్తి ముఖమంతా మసి. పిల్లకి శుభ్రం తెలీదని మేడమ్ అనుకోదూ? ఆ ఆలోచన రావడమే ఆలస్యం, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ మెరుగు గుడ్డ బయటికొచ్చింది. నాలుగు రుద్దులకు రెండువేల ఏళ్ళ నలుపు గుడ్డకెక్కింది. తల తళతళలాడింది.

"చూడమ్మా, నీ నాణేనికి నాణ్యం తెచ్చాను."

వెండి తెల్లబడింది, కూతురి ముఖం తెల్లబోయింది. "ఆ నలుపే దాని వయసు నాన్నా. దాన్ని తుడవకూడదు."

"మళ్ళీ పుయ్యలేమా?"

"పుయ్యడానికి అదేమైనా బూటా?"

అంతలో మేడమ్ వస్తున్న చెప్పుల చప్పుడు. మేస్త్రి తలుపు వైపు రెండడుగులు, వెనక్కి మూడడుగులు వేశాడు. "నీకు తెలీకుండా నేనే తీశానని చెప్పు తల్లీ," అని గొణిగాడు.

కూతురు వినలేదు. రిజిస్టరు తెరిచి రాసింది: "నాణేన్ని నేనే మా నాన్న చేతికిచ్చి అటు తిరిగాను. ఆయన గుడ్డతో తుడిచారు."

మేడమ్ చదివింది. నాణేన్ని దీపం కింద పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"ఇంతకుముందు రెండు ఇలాగే పాడయ్యాయి," అంది చివరికి. "ఎలా పాడయ్యాయో ఒక్కరూ రాయలేదు. నువ్వు సోమవారం తొమ్మిదికి వచ్చెయ్యి. ఎవరి చేతికి ఏదిచ్చినా పక్కనుంచి కదలకు."

"మరి నేనండీ?" అన్నాడు మేస్త్రి.

"మీరు నాణేల పెట్టె అద్దానికి అవతలే ఉండండి. తోచకపోతే ఆ అద్దం తుడుచుకోండి."